శాన్ హోసేలో ఒక వియత్నాం ఇంటివాళ్ల హోటల్: ఏడేళ్లు తిన్నాక

1975లో వియత్నాం యుద్ధం చివర దక్షిణ వియత్నాం రాజధాని సైగాన్ పడిపోయాక వలస వచ్చిన వాళ్లతో అమెరికాలోని కాలిఫోర్నియా నగరం శాన్ హోసేలో వియత్నాం పేటలే వెలిశాయి. స్టోరీ రోడ్డు చుట్టుపక్కల అలాంటి ఒక చిన్న హోటల్. పొయ్యి దగ్గర తల్లి, గల్లా దగ్గర కూతురు. ఏడేళ్లుగా దాదాపు ప్రతి వారం తిన్నాక రాస్తున్న మాటలివి.

వెళ్లాల్సింది ఫో కోసం. అంటే బీఫ్ ఎముకల చారులో బియ్యపు నూడుల్స్, మాంసం వేసిచ్చే వియత్నాం వంటకం. పైన ఎన్ని వేసినా ఫోకి ప్రాణం చారే. ఎముకల్ని ముందు పది నిమిషాలు మరిగించి, ఆ నీళ్లు పారబోసి, కడిగి మళ్లీ కొత్త నీళ్లలో వేయాలి. ఈ పని ఎగ్గొడితే చారు మడ్డిగా నీచు కొడుతుంది. అల్లం, ఉల్లిగడ్డ నల్లబడేదాకా మంట మీద కాల్చి వేస్తారు. అనాసపువ్వు, దాల్చినచెక్క, లవంగం, ధనియాలు మన మసాలా డబ్బాలోవే, కాకపోతే నూరకుండా వేయించి మూటగట్టి వేస్తారు. తర్వాత రాత్రంతా సన్నటి సెగ. గలగలా మరిగిస్తే కొవ్వు కలిసిపోయి చారు తెల్లబడుతుంది. ఇక్కడ గిన్నె అడుగు కనిపించేంత తేటగా ఉంటుంది, అదే ఈ తల్లి చేతి గొప్ప.

పొద్దున 11 లోపు వెళ్లండి. రాత్రి 7 దాటితే చారు ఇగిరి ఉప్పెక్కుతుంది. సాసులు వేయకముందే ఒక చెంచా చారు తాగి చూడండి. పక్కన ఇచ్చే పచ్చి మొలకలన్నీ ఒకేసారి పోస్తే గిన్నె చల్లారిపోతుంది. వేడినీళ్లలో ముంచి ఇమ్మంటే ఇస్తారు.

బీఫ్ తినని వాళ్లు 'ఫో గా' అడగాలి, అది కోడి ఫో. ఇక్కడ దానికి వేరే గుండిగ ఉంది. అన్ని హోటళ్లలో ఉండదు కాబట్టి కొత్త చోట అడిగి తీరాలి. శాకాహారులకు ఇంకా జాగ్రత్త కావాలి: 'వెజిటబుల్ ఫో' అంటే బీఫ్ చారులో కూరగాయలు వేసి ఇవ్వడం మామూలే. 'చాయ్' అనండి. వాళ్ల భాషలో అది టీ కాదు, శాకాహారం. అలా చెప్పినా చేప సాసు వద్దని మరోసారి చెప్పడం మంచిది. వాళ్ల చాంద్రమాన నెలలో 1, 15 తేదీల్లో, అంటే ఇంచుమించు మన అమావాస్యకీ పౌర్ణమికీ, బౌద్ధులు చాలామంది మాంసం ముట్టరు. ఆ రోజుల్లో ఇక్కడ ముల్లంగి, పుట్టగొడుగులతో కాచిన చారు దొరుకుతుంది. నాకు కోడి ఫో కన్నా అదే ఇష్టం.

బియ్యప్పిండి, పసుపు, కొబ్బరిపాలతో పోసే బాన్ సియో మన అట్టుకు చుట్టమే. లోపల రొయ్యలు, పంది మాంసం ఉంటాయి. ఐదు నిమిషాల్లో మెత్తబడిపోతుంది, పార్సిల్ కట్టించుకోవద్దు. ఫో పార్సిల్ అయితే చారు, నూడుల్స్ విడిగా ఇస్తారు. చారు తెర్లేదాకా కాచి పోస్తేనే పల్చటి పచ్చి మాంసం ఉడుకుతుంది.

కార్డు తీసుకోరు, నగదు ఉంచుకోండి. వాళ్ల కొత్త సంవత్సరం టెట్‌కి వారం రోజులు మూసేస్తారు.