బూడిద తెగులుపై వేపనూనె, వెల్లుల్లి రసం: కొన్నేళ్ల వాడకం తరువాత

దోస, గుమ్మడి వంటి తీగజాతి కూరగాయలను ఏటా పట్టి పీడించే బూడిద తెగులుకు వేపనూనెను, వెల్లుల్లి రసాన్ని కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఆకు పైపొర మీద పెరిగే శిలీంధ్రాన్ని తొలిదశలో ఇవి చక్కగా అదుపు చేస్తాయని, ఆకు లోపలికి దిగిన తెగులుకు మాత్రం పనికిరావని ఇన్నాళ్ల వాడకంలో నాకు రూఢి అయింది.

కారణం శిలీంధ్రం బతికే తీరులోనే ఉంది. బూడిద తెగులు శిలీంధ్రం తన పోగులను ఆకు మీదనే పరచుకుని, ఆహారం పీల్చుకునే భాగాలను మాత్రమే పైపొర కణాల్లోకి దింపుతుంది కాబట్టి, నూనె దానిని నేరుగా కప్పివేయగలుగుతుంది. బూజు తెగులు అలా కాదు. దాని పోగులు ఆకు లోపల కణాల మధ్య పాకుతాయి, పైన కొట్టిన నూనె అక్కడికి చేరదు. అందుచేత పిచికారీకి ముందు తెగులును గుర్తించడం ముఖ్యం. వేలితో రుద్దితే తెల్లటి పిండిలా అంటుకునేది బూడిద తెగులు. ఈనెల మధ్య కోణాకారపు పసుపు మచ్చలు పడి, వాటి అడుగున బూజు కనిపిస్తే అది రెండవది.

వేపనూనెను లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల చొప్పున వాడుతున్నాను. ముందుగా నూనెలో సబ్బు ద్రావణం కలిపి, ఆపైన నీటిని కొద్దికొద్దిగా పోస్తూ గిలకొడితే మిశ్రమం పాలలా తెల్లబడుతుంది. కాసేపు కదపకుండా ఉంచినప్పుడు పైన నూనె చుక్కలు తేలితే సబ్బు చాలలేదని అర్థం. అలాగే కొడితే నూనె పేరుకున్న చోటల్లా ఆకు మాడుతుంది. ఎండ తగ్గి, తేనెటీగలు పువ్వులను విడిచిన సాయంత్రం వేళ, ఆకు అడుగు భాగం కూడా తడిసేలా, వారం పది రోజులకు ఒకసారి కొట్టాలి. గంధకం చల్లిన పైరుపై రెండు వారాల వరకు నూనె వాడకూడదు, రెండూ కలిస్తే ఆకులు దెబ్బతింటాయి.

వెల్లుల్లికి శక్తినిచ్చే అల్లిసిన్ పాయలో ముందే ఉండదు, దంచినప్పుడు ఎంజైమ్ చర్య వల్ల ఏర్పడుతుంది. వేడి చేసినా, నిలవ ఉంచినా అది త్వరగా విచ్ఛిన్నమవుతుంది. కాబట్టి మరిగించిన కషాయం కన్నా, పచ్చిగా దంచి, కాసేపు అలా వదిలి, నీటిలో కలిపి వడకట్టి అదే రోజు కొట్టిన రసమే మేలు. ఐతే ఇది వానకు ఇట్టే కడుక్కుపోతుంది. ముసురు రోజుల్లో దీని మీద ఆధారపడడం నాకు సమ్మతం కాదు.

మొక్క నుంచి వచ్చినది కాబట్టి హాని ఉండదనే మాటను నేను ఒప్పుకోను. ఉమ్మెత్తలోని అట్రోపిన్ మనిషికి విషం, అందువల్ల ఆ ఆకుల రసాన్ని కూరగాయల దగ్గరకు రానివ్వను. నూనె కొడుతున్నా కొత్త చిగుళ్ల మీదికి తెగులు పాకుతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా, ఆ పంటకు సిఫారసు చేసిన శిలీంధ్రనాశినికి మారుతున్నాను.