ప్రొస్టేట్‌కి రెండు రకాల రేడియేషన్: డాక్టరుకి పూర్తి మార్కులు, వెయిటింగ్ హాలుకి కాదు

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు క్యాన్సర్ ఆస్పత్రిలో ప్రొస్టేట్ (మగవాళ్లకి మూత్రాశయం కింద ఉండే గ్రంథి) క్యాన్సర్‌కి రేడియేషన్ చేయించుకున్నాను. ఈ వైద్యం గురించి తెలుగులో చెప్పేవాళ్లు తక్కువ కాబట్టి రాస్తున్నాను.

నా గ్లీసన్ స్కోరు (బయాప్సీ చూసి క్యాన్సర్ ఎంత ఉధృతమో చెప్పే అంకె) 8, అంటే హై రిస్క్. వారానికి 5 రోజుల చొప్పున 5 వారాలు బయటి రేడియేషన్, దానికి తోడు ఒకసారి బ్రాకీథెరపీ, అంటే గ్రంథి లోపలి నుంచే ఇచ్చే రేడియేషన్, అన్నారు. హార్మోన్ ఇంజెక్షన్లు వేరే. ‘రెండూ ఎందుకు మేడమ్?’ అని అడిగితే డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. గ్రంథి చుట్టుపక్కలకి పాకిన కణాల సంగతి బయటి రేడియేషన్ చూసుకుంటుంది. గ్రంథికి మాత్రం గట్టి డోసు పడాలి. లోపలి నుంచి ఇస్తే పక్కనున్న మూత్రాశయానికి, మలద్వారం వైపు పేగుకి అంతగా తగలదు. కెనడాలో 398 మంది మీద జరిగిన ట్రయల్ గురించి కూడా చెప్పారు. 9 ఏళ్లకి పీఎస్‌ఏ (ఈ క్యాన్సర్ జాడ తెలుసుకోవడానికి రక్తపరీక్షలో చూసేది) అదుపులో ఉన్నవాళ్లు రెండూ కలిపితే 83 శాతం, బయటిదొక్కటే అయితే 62 శాతమట. అయితే బతికిన కాలంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదనీ, రెండూ కలిపినవాళ్లకి మూత్రం ఇబ్బందులు ఎక్కువయ్యాయనీ ఆవిడే చెప్పారు. దాచకుండా చెప్పారు కాబట్టే సంతకం పెట్టాను.

బ్రాకీ రోజున చాలా టెన్షన్ పడ్డాను గానీ, నడుముకి మత్తిచ్చాక నొప్పి తెలియలేదు. అల్ట్రాసౌండ్‌లో చూస్తూ వృషణాల కింది నుంచి సన్నటి సూదులు గుచ్చారు. వాటిలోకి రేడియేషన్ ఇచ్చే ఇరీడియం అనే లోహం వెళ్లి కాసేపుండి వెనక్కి వచ్చేసింది. లోపల ఏమీ మిగలదు కాబట్టి మనవరాలిని నిక్షేపంగా ఎత్తుకోవచ్చన్నారు.

నాకు నచ్చనిది బయటి రేడియేషన్ దగ్గరి వెయిటింగ్. మూత్రాశయం నిండుగా ఉంటేనే మెషిన్ ఎక్కిస్తారు. నీళ్లు తాగి కూర్చున్నాక, ‘బాబాయ్, మెషిన్ కొంచెం లేటు’ అంటారు. ఒకరోజు నాకంటే పెద్దాయన ఆపుకోలేక బాత్రూమ్‌కి వెళ్లొచ్చారు. మళ్లీ నీళ్లు, మళ్లీ ఎదురుచూపు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. లేటని ముందే ఒక మాట చెబితే ఏం పోతుంది? అంత ఖరీదైన మెషిన్ పెట్టినవాళ్లకి ఇది చేతకాని పనేం కాదు.

మూత్రంలో మంట కొన్ని వారాలుంది, మాత్రలతో తగ్గింది. పీఎస్‌ఏ బాగా దిగింది. హార్మోన్ ఇంజెక్షన్లు నడుస్తున్నాయి కాబట్టి అది రేడియేషన్ గొప్పేనని ఇప్పుడే అనుకోవద్దన్నారు డాక్టరమ్మ. మళ్లీ చేయించుకోవాల్సి వచ్చినా ఆవిడ దగ్గరికే వెళ్తాను. మీరు వెళ్తే మాత్రం, మెషిన్ టైముకి నడుస్తోందో లేదో టెక్నీషియన్‌ని అడిగాకే నీళ్ల బాటిల్ మూత తీయండి.