సొంత క్లబ్బా, కప్పుల క్లబ్బా: స్ట్రైకర్‌కు ఏది మేలు?

2025 మే 3న జర్మన్ ఫుట్‌బాల్ క్లబ్ బయర్న్ మ్యూనిక్ లైప్‌జిగ్‌లో ఆడుతున్నప్పుడు దాని స్ట్రైకర్ (గోల్స్ కొట్టే ముందువరుస ఆటగాడు) హ్యారీ కేన్ మైదానంలో లేడు. తప్పు ఆటకు రిఫరీ చూపే పసుపు కార్డు ఆ సీజన్‌లో ఐదోసారి పడటంతో ఆ మ్యాచ్‌కు దూరమై స్టాండ్స్‌లో కూర్చున్నాడు. ఆట ముగిసే వేళకు బయర్న్ 3-2తో ముందుంది, ఆ స్కోరు నిలబడితే జర్మన్ లీగ్ టైటిల్ ఖాయం. ముప్పై ఒక్క ఏళ్ళ వయసులో తొలి పెద్ద ట్రోఫీ అందబోతుందని అతడు పైనుంచి దిగి మైదానం అంచుకు వచ్చి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే లైప్‌జిగ్ ఆటగాడు పౌల్సెన్ గోల్ కొట్టి స్కోరు సమం చేశాడు. మరునాడు లీగ్‌లో రెండో స్థానంలో ఉన్న లెవర్కుసెన్, ఫ్రైబుర్గ్‌తో 2-2 డ్రా చేసుకోవడంతో టైటిల్ బయర్న్‌కు దక్కింది. కేన్ ఇన్నాళ్ళు ఎదురుచూసిన కప్పు, అతడి జట్టు అసలు ఆడని రోజున ఖాయమైంది.

స్ట్రైకర్ జీవితంలో ఇరవై ఆరేళ్ళకూ ముప్పై ఏళ్ళకూ మధ్య ఒక ప్రశ్న తప్పకుండా ఎదురవుతుంది. తనను ప్రేమించే క్లబ్‌లోనే ఉండి గోల్స్ రికార్డులు పెంచుకోవాలా, లేక కప్పులు గెలిచే క్లబ్‌కు వెళ్ళాలా? దీనికి ముగ్గురు మూడు రకాలుగా సమాధానమిచ్చారు: ఇంగ్లండ్ ఆటగాళ్ళు ఆలన్ షియరర్, హ్యారీ కేన్, అర్జెంటీనా ఆటగాడు గాబ్రియేల్ బాటిస్టూటా.

షియరర్ న్యూకాజిల్‌లో పుట్టాడు. తండ్రి రేకుల పని చేసే కార్మికుడు. సౌతాంప్టన్‌లో ఆట మొదలుపెట్టి, 1992లో బ్లాక్‌బర్న్‌కు వెళ్ళి, 1994-95లో 34 గోల్స్‌తో ఆ చిన్న ఊరి క్లబ్‌ను ఇంగ్లండ్ విజేతగా నిలబెట్టాడు. 1996 వేసవిలో అతడి ముందు రెండు దారులు ఉన్నాయి: ఒకటి మాంచెస్టర్ యునైటెడ్, రెండోది పుట్టిన ఊరు. అతడు ఊరినే ఎంచుకున్నాడు. న్యూకాజిల్ చెల్లించిన కోటిన్నర పౌండ్లు అప్పటికి ప్రపంచ రికార్డు. తర్వాతి పదేళ్ళలో యునైటెడ్ ఐదుసార్లు లీగ్ గెలిచింది. షియరర్‌కు మాత్రం 1998, 1999ల్లో ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్‌ఏ కప్‌లో వరుసగా రెండు ఫైనల్ ఓటములు మిగిలాయి. వాటిలో రెండోది ఆ యునైటెడ్ చేతిలోనే.

కప్పులు రాకపోవడానికి కారణాన్ని అతడి ఆటలో వెతికితే దొరకదు. తొలి సీజన్ మధ్యలోనే, 1997 జనవరిలో, కోచ్ కెవిన్ కీగన్ తప్పుకున్నాడు. ఆ ఏడాది వేసవిలో సీజన్‌కు ముందు ఆడిన ఒక మ్యాచ్‌లో షియరర్ చీలమండ దారుణంగా దెబ్బతిని, 1998 జనవరి దాకా అతడు తిరిగి మైదానంలోకి రాలేకపోయాడు. అదే వేసవిలో క్లబ్ అతడి జోడీ లెస్ ఫెర్డినాండ్‌ను టాటెన్‌హామ్‌కు అమ్మేసింది. అంతకుముందు సీజన్‌లో లీగ్‌లో రెండో స్థానంలో నిలిచిన జట్టు పదమూడో స్థానానికి జారింది. స్ట్రైకర్ ఎంత గొప్పవాడైనా బంతి అందితేనే గోల్ కొట్టగలడు. ఆ బంతి అందించేవాళ్ళను కొనడం, అమ్మడం అతడి చేతిలో ఉండదు. క్లబ్‌ను నమ్మి ఉండిపోయే ఆటగాడు నిజానికి ఆ క్లబ్ యజమానుల తెలివిని నమ్ముతున్నాడు, అది చాలామంది అభిమానులకు గుర్తుండదు.

ఆ గాయం తర్వాత షియరర్ పాత వేగం తిరిగి రాలేదు. డిఫెండర్‌ను వీపుతో ఆపి, బంతిని అదుపు చేసి, గాలిలోకి లేచి తలతో కొట్టే ఆటకు అతడు మారాడు. అలాగే మరో ఎనిమిదేళ్ళు లాగి, న్యూకాజిల్ తరఫున జాకీ మిల్‌బర్న్ నెలకొల్పిన 200 గోల్స్ రికార్డును దాటి, 206 దగ్గర ఆగాడు. చివరి గోల్ 2006 ఏప్రిల్ 17న పొరుగు ప్రత్యర్థి సండర్లాండ్ మైదానంలో, పెనాల్టీ మీద వచ్చింది. కాసేపటికే మోకాలికి దెబ్బ తగలడంతో అతడి ఆట అక్కడితో ముగిసింది. అన్ని క్లబ్బుల తరఫున కలిపి, ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ ప్రీమియర్ లీగ్‌లో అతడి 260 గోల్స్‌ను ఇప్పటికీ ఎవరూ దాటలేదు.

కేన్ కథలో ఊరికన్నా ఒప్పందానిదే పెద్ద పాత్ర. పదకొండేళ్ళ వయసులో టాటెన్‌హామ్‌లో చేరాడు. నాలుగు క్లబ్బులకు అరువుగా వెళ్ళి వచ్చాక అక్కడే ఎదిగి, 435 మ్యాచ్‌లలో 280 గోల్స్‌తో జిమ్మీ గ్రీవ్స్ 266 గోల్స్ క్లబ్ రికార్డును దాటాడు. 2019లో మాడ్రిడ్‌లో జరిగిన, యూరప్ అగ్ర క్లబ్బుల పోటీ చాంపియన్స్ లీగ్ ఫైనల్లో, 2015లోనూ 2021లోనూ లీగ్ కప్ ఫైనల్స్‌లో ఓడిన జట్టులో ఉన్నాడు. మాడ్రిడ్ ఫైనల్‌ను మనవాళ్ళు అర్ధరాత్రి దాటాక లేచి కూర్చుని చూశారు. చీలమండ గాయం నుంచి అప్పుడే కోలుకుని వచ్చిన కేన్ ఆ రాత్రి అసలు ఆడాడా లేదా అన్నంత నీరసంగా కనిపించాడు. 2021లో మాంచెస్టర్ సిటీ అడిగితే టాటెన్‌హామ్ ససేమిరా అంది. ఎందుకంటే 2018లో అతడు సంతకం చేసిన ఆరేళ్ళ ఒప్పందంలో ఇంకా మూడేళ్ళు మిగిలి ఉన్నాయి. 2023లో ఒక్క ఏడాదే మిగలడంతో పరిస్థితి తలకిందులైంది: అప్పుడు అమ్మకపోతే మరుసటి వేసవిలో క్లబ్‌కు పైసా రాకుండానే కేన్ వెళ్ళిపోయేవాడు. అలా అతడు బయర్న్‌కు వెళ్ళాడు. ఆరేళ్ళ సంతకం డబ్బు పరంగా భద్రతే, కానీ ఇరవై నాలుగేళ్ళకు ఆ భద్రత కొనుక్కున్నవాడు ఇరవై ఎనిమిదేళ్ళకు తలుపు తాళం క్లబ్ చేతిలో పెట్టేసినట్టే అయింది.

ఇల్లలకగానే పండగ కాదన్నట్టు, మ్యూనిక్‌లో తొలి ఏడాది లీగ్‌లో 36 గోల్స్ కొట్టినా ఒక్క కప్పూ రాలేదు. వరుసగా పదకొండేళ్ళుగా గెలుస్తున్న బయర్న్‌ను దాటి లెవర్కుసెన్ ఆ ఏడే తొలిసారి విజేత అయింది. రెండో ఏడాది 26 గోల్స్‌తో పాటు టైటిల్ కూడా వచ్చింది. దీనికి కేన్ చెల్లించిన మూల్యమూ చిన్నది కాదు. ఇంగ్లండ్ విడిచే నాటికి అతడి ప్రీమియర్ లీగ్ గోల్స్ 213, అంటే షియరర్ కంటే 47 తక్కువ. అతడి సగటు ప్రకారం అది రెండు, మహా అయితే మూడు సీజన్ల పని.

బాటిస్టూటా ఉండిపోవడం, వెళ్ళడం రెండింటినీ తన జీవితంలోనే చేసి చూపాడు. అతడి ఇటలీ క్లబ్ ఫియోరెంతీనా 1993లో రెండో డివిజన్‌కు పడిపోయినా అతడు వదిలి వెళ్ళలేదు, మరుసటి ఏడే జట్టును పైకి తెచ్చాడు. 1996లో ఇటలీ కప్ అందించాడు గానీ లీగ్ టైటిల్ రాలేదు. ముప్పై ఒకటో ఏట, 2000లో, రోమాకు వెళ్ళాడు. ఆ నవంబరులో పాత జట్టు మీదే గెలుపు గోల్ కొట్టి, సంబరం చేసుకోకుండా కళ్ళు తుడుచుకున్నాడు. 20 గోల్స్‌తో 2001 జూన్‌లో లీగ్ గెలిచాడు. అయితే అప్పటికే చీలమండలు అరిగిపోయాయి. ఆట మానేశాక నొప్పి భరించలేక కాళ్ళు తీసేయమని వైద్యుణ్ణి అడిగానని తర్వాత అతడే చెప్పాడు. మరొక్క ఏడాది ఆగి ఉంటే ఆ టైటిల్ గెలిచే కాళ్ళు అతడికి ఉండేవి కావని నా అనుమానం.

ఊరు విడిచే ఈ ప్రశ్న మనకూ కొత్తది కాదు. సికింద్రాబాద్ అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు నుంచి 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళారు. అక్కడే పేరు గడించి, 1962 ఆసియా క్రీడల స్వర్ణం గెలిచిన జట్టులో ఆడారు. మరుసటి ఏడే ఊపిరితిత్తుల జబ్బుతో, మూడు పదులైనా నిండకముందే ఆట వదిలేయాల్సి వచ్చింది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న మాట ఫార్వర్డ్ ఆటగాళ్ళకు వర్తించినంతగా మరెవరికీ వర్తించదేమో.

ఇక ఏది మేలు? చాలామంది షియరర్‌ను విధేయతకు, కేన్‌ను ఆశకు గుర్తులుగా నిలబెట్టి పోలుస్తారు. నాకు ఆ పోలిక సరిగా తోచదు. షియరర్ ఊరికి తిరిగి వచ్చేనాటికే లీగ్ పతకం అతడి ఇంట్లో ఉంది, అందుకే ఊరిని ఎంచుకునే స్వేచ్ఛ అతడికి దొరికింది. కేన్ చేతులు ఖాళీ. చేతిలో ఏమీ లేని స్ట్రైకర్ ఇరవై ఆరేళ్ళకే వెళ్ళాలి, అందుకు వీలుగా మూడేళ్ళకు మించిన ఒప్పందం మీద సంతకం పెట్టకూడదు. ముప్పై ఏళ్ళకు వెళ్ళి కేన్ చేసినది తప్పు కాదు, ఆలస్యం. ఒక్కసారి గెలిచినవాడు మాత్రం నిశ్చింతగా ఇంటికి వెళ్ళవచ్చు. అక్కడ గోడ మీద పతకాలు పెరగకపోయినా మైదానం బయట విగ్రహం వెలుస్తుంది. న్యూకాజిల్‌లో 2016లో వెలిసింది కూడా.

విచిత్రమేమిటంటే 2025లో టాటెన్‌హామ్, న్యూకాజిల్ రెండూ కప్పులు గెలిచాయి. మే నెలలో బిల్బావోలో టాటెన్‌హామ్ యూరప్ క్లబ్బుల రెండో స్థాయి పోటీ యూరోపా లీగ్ గెలిచినప్పుడు ఆ జట్టులో కేన్ లేడు. అంతకు రెండు నెలల ముందు వెంబ్లీలో లివర్‌పూల్‌ను 2-1తో ఓడించి న్యూకాజిల్ లీగ్ కప్ ఎత్తినప్పుడు, యాభై నాలుగేళ్ళ షియరర్ స్టాండ్స్‌లో తన ఊరి జనం మధ్య చేతులెత్తి అరుస్తున్నాడు.