చొల్లంగి నుంచి అంతర్వేదికి కాలినడక: రాత్రి బసకు ఏది మేలు?

గోదావరి డెల్టాలో కాలినడకన యాత్ర చేసేవారు బస వెతికేటప్పుడు ముందు అద్దె అడుగుతారు, తరువాత మంచం సంగతి అడుగుతారు, ఆపైన ఫ్యాను తిరుగుతుందో లేదో చూస్తారు. నడిచేవాడు అన్నిటికంటే ముందు అడగవలసింది వేరే ఉంది: తెల్లవారుజామున నాలుగున్నరకు గేటు తాళం ఎవరు తీస్తారు? పొద్దెక్కేలోగా సగం దూరం గడిచిపోతే మిగతా సగం తేలిక. ఆరున్నర దాకా తాళం తీయని చోట ఎంత మెత్తటి పరుపు వేసినా, ఆ బాకీ మధ్యాహ్నం తారురోడ్డు మీద తీర్చుకోవలసిందే. సత్రమా, దేవస్థానం గదా, లాడ్జియా, గుడి మండపమా, తెలిసినవారి ఇల్లా అన్న లెక్కను నేను ఈ తాళంచెవి దగ్గరే మొదలుపెడతాను.

సప్తసాగర యాత్ర దారినే తీసుకుందాం. పుష్య బహుళ అమావాస్య నాడు కాకినాడ దగ్గరి చొల్లంగిలో స్నానంతో మొదలుపెట్టి, గోదావరి పాయలు కడలిలో కలిసే చోట్ల మునుగుతూ, మాఘ శుద్ధ ఏకాదశికి అంతర్వేది చేరడం సంప్రదాయం. సంతానం కోరే దంపతులు చేసే యాత్రగా దీనికి పేరు. ఏడు పాయల్లో తుల్యభాగ లాంటిది ఇప్పుడు మురుగు కాలువగా మిగిలింది గానీ యాత్ర ఆగలేదు. కారున్నవారికి ఇది ఒకటి రెండు రోజుల పని. నడిచేవారికి తాళ్లరేవు, యానాం, మురమళ్ల, ముమ్మిడివరం, అమలాపురం, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా దారి. స్నానాల కోసం తీరం వైపు పోయి రావడం దీనికి అదనం. రోజుకు 15 నుంచి 20 కిలోమీటర్లు పెట్టుకుంటే ప్రతి మజిలీకీ ఏదో ఒక ఊరు తగులుతుంది. అడవి లేదు, కొండ లేదు, రెండు కొబ్బరితోటలు దాటితే మరో ఊరు. ఇబ్బంది కూడా ఇక్కడి నుంచే వస్తుంది. ఇన్ని ఊళ్లుండగా తలదాచుకునే చోటు దొరకదా అన్న ధీమాతో చాలామంది ముందుగా ఎవరికీ ఫోను చేయరు.

సత్రాల విషయంలో గోదావరి జిల్లాలది పెద్ద చెయ్యి. రాజమహేంద్రవరంలో నాళం వారి సత్రం పేరు వినని పాత తరంవారు తక్కువ. ఊరూరా అంత పెద్దవి లేకపోయినా, క్షేత్రం ఉన్న చోట ఒక హాలు, గోడవారగా చుట్టిపెట్టిన చాపలు, పెరట్లో నుయ్యో బోరో, మొలలో తాళాల గుత్తితో ఒక పెద్దాయన ఉంటారు. నడిచి వచ్చేవారు ఆయనకు కొత్త కాదు. పడుకోబోయే ముందు “బాబాయి గారూ, నాలుగున్నరకు బయలుదేరతామండీ” అని చెప్పి ఉంచితే, “అలాగేనండీ, నేను లేవకపోతే ఒక్క కేక వేయండి” అంటారు. గేటు సమస్య అక్కడితో తీరిపోతుంది.

సత్రం హాలుకు మరో సుగుణం ఉంది, అది గదిలో పడుకునేవారికి తట్టదు. ఈ యాత్రలో రోజూ తడిబట్టలే. పుష్య మాఘాల్లో సాయంత్రం పెరట్లో దండెం మీద ఆరేసిన పంచె తెల్లారేసరికి ఆరకపోగా, మంచుకు ఇంకాస్త నాని కొసల నుంచి చుక్కలు కారుతూ ఉంటుంది. హాల్లో ఈ చివర నుంచి ఆ చివరకు తాడు కట్టి, ఫ్యాను కింద ఆరేస్తే నాలుగింటికల్లా పొడిగా చేతికొస్తుంది. తడి మేజోళ్లతో నడిస్తే మడమ చర్మం మెత్తబడి, పది కిలోమీటర్లు తిరగకుండానే బొబ్బ లేస్తుంది. కాబట్టి కిటికీ లేని ఇరుకు గది కంటే గాలి ఆడే హాలే నడిచేవాడికి మెరుగు, పక్కవారి గురక భరించగలిగితే.

ఇక సత్రాల లోటుపాట్లు. కొన్ని ఒక కులం వారు తమవారి కోసం కట్టించుకున్నవి. ఇంటిపేరు అడిగాక గానీ చాప ఇవ్వని చోట్లు ఇంకా ఉన్నాయి. వాకిట్లో నిలబడి వాదించడం కన్నా ముందే ఫోనులో తేల్చుకోవడం నయం. అంతకంటే పెద్ద చిక్కు ముహూర్తాలది. పుష్యం శూన్యమాసం, పెళ్లిళ్లు ఉండవు. చొల్లంగి అమావాస్య దాటిందంటే మాఘం వచ్చినట్టే, లగ్గాల జోరు మొదలైనట్టే. సత్రాల్లో చాలావరకు ఇప్పుడు కల్యాణ మండపాలుగా కూడా నడుస్తున్నాయి. సరిగ్గా మీరు నడిచే రోజుల్లోనే అవి పెళ్లివారి చేతిలో ఉంటాయి. గది ఉందా అని కాదు, ఆ రాత్రి అక్కడ పెళ్లి ఉందా అని అడగండి. ఉంటే పెళ్లివారు మంచి మనసుతో భోజనానికి పిలుస్తారేమో గానీ, బ్యాండు మేళం మధ్య నిద్ర మాత్రం పట్టదు. ఆడవాళ్లు వెంట ఉంటే సంచి దించకముందే స్నానాలగది తలుపుకు గడియ ఉందో లేదో చూడాలి. ఇందులో మొహమాటం పనికిరాదు.

దేవస్థానం గదికి తాళం చిక్కు అసలే లేదు. మనకంటే ముందే సుప్రభాతానికి గుడి లేస్తుంది. దర్శనం దగ్గర, చాలాచోట్ల మధ్యాహ్నం అన్నదానం ఉంటుంది, నీళ్లకు కొదవ ఉండదు. కానీ ఆ గదులు బండి మీద వచ్చే కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని కట్టినవి. ఆధార్ కార్డు కావాలి, చాలాచోట్ల ఒంటరిగా వచ్చినవారికి గది ఇవ్వరు, చీకటి పడ్డాక కాళ్లీడ్చుకుంటూ వచ్చేసరికి కౌంటరు మూసేసి ఉంటుంది. మురమళ్ల సంగతే చూడండి. వీరేశ్వరస్వామికి అక్కడ నిత్యకల్యాణం. తమ పేరున కల్యాణం చేయించుకోవడానికి ముందుగా రోజు ఖాయం చేసుకుని కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి. అలాంటి చోట దారిన పోయే మనం గది మీద ఆశ పెట్టుకోకూడదు. సాయంత్రం కల్యాణం కళ్లారా చూసి, రాత్రికి ముమ్మిడివరం వైపు నడవడమో, ఆ ఊళ్లోనే మరోచోట సర్దుకోవడమో మంచిది. పెద్దవయసు వారితో, పిల్లలతో మెల్లగా నడిచేవారు మాత్రం, ముందుగా గది ఖాయం చేసుకోగలిగిన చోట దేవస్థానాన్నే ఎంచుకోవాలి. ఒంటరివాడికి అది రెండో మాటే.

లాడ్జి ఈ దారిలో ఒక్కసారి అవసరం, ఆ ఒక్కసారి అమలాపురంలో. అప్పటికి సుమారు సగం దారి అయి ఉంటుంది, బట్టలన్నీ మట్టి పట్టి ఉంటాయి, పిక్కలు బిగుసుకుపోయి ఉంటాయి. వేడినీళ్లు, తలుపు మూసుకుని పది గంటల నిద్ర, ఫోనుకు చార్జింగు, కింద మందుల షాపు: వీటి ముందు అద్దె ఎక్కువ కాదు. అయితే షట్టరు దించి కౌంటరు వెనక పడుకునే కుర్రాడిని నాలుగింటికి లేపడం అంత తేలిక కాదు. రాత్రే డబ్బు కట్టేసి, రసీదు పుచ్చుకుని, ఏ తలుపు గుండా బయటికి వెళ్లాలో చూసి పెట్టుకోండి. యానాంలో కూడా లాడ్జిలకు కరువు లేదు గానీ, అది పుదుచ్చేరి పాలనలోని ఊరు, మద్యం చవక. శని, ఆదివారాల్లో అక్కడికి వచ్చేవారు ఏ యాత్ర మీద వస్తారో చెప్పనక్కరలేదు. వారం మధ్యలో అయితే ఇబ్బంది లేదు.

గుడి మండపంలో, రాతి అరుగు మీద, ఆకాశం చూస్తూ పడుకోవాలని అందరికీ ఉంటుంది. ఆ కోరికను కార్తీకానికో చైత్రానికో వాయిదా వేసుకోండి. ఇది దాళ్వా, అంటే రెండో పంట వరి, నాట్ల కాలం. ఊరి చుట్టూ ప్రతి మడిలో నీళ్లు నిలిచి ఉంటాయి, చీకటి పడితే దోమలు మనిషిని ఎత్తుకుపోతాయి. తీరం దగ్గరపడే కొద్దీ రొయ్యల చెరువుల ఏరేటర్లు రాత్రంతా మోగుతూనే ఉంటాయి. నేల నుంచి చలి, పైనుంచి మంచు. నలుగురైదుగురు మగవాళ్లు కలిసి నడుస్తుంటే, పూజారి గారినో కమిటీ వారినో అడిగి, దోమతెరలు కట్టుకుని ఒక రాత్రి గడపవచ్చు. ఆడవాళ్లున్న బృందానికి ఇది నేను చెప్పను.

ఇళ్లలో బస గురించి కోనసీమలో ఒక పేరు చెప్పకుండా ఉండలేం. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ గారు (1841–1909) వేళ కాని వేళ వచ్చిన వారికి కూడా అన్నం వండి పెట్టారు. ఒకసారి ఆవిడే అంతర్వేది దర్శనానికి బయలుదేరి, దారిలో ఆగిన చోట ఆకలితో ఉన్న పెళ్లివారు తన ఇంటికే వస్తున్నారని విని, యాత్ర మాని వెనక్కి వెళ్లి వంట చేశారని చెప్పుకుంటారు. ఆ మర్యాద నేటికీ పోలేదు. వాకిట్లో మంచినీళ్లు అడిగితే, “ఎక్కడి నుంచి నడిచి వస్తున్నారండీ, ముందు కాళ్లు కడుక్కోండి” అంటారు. ఆ తరువాత పప్పు, పులుసు, పెరుగు, అరటిపండు. వచ్చిన చిక్కల్లా ఆ ప్రేమతోనే. రాత్రి పది దాకా మాటలు, ఊళ్లో ఎవరెవరు మీ వైపు చుట్టాలో విచారణ, పొద్దున కాఫీ తాగకుండా గడప దాటనివ్వరు. ఆ ఇంటి గడియ నాలుగింటికి తీయరు, తీయమని అడగడం కూడా బాగుండదు. మర్నాటి మజిలీ చిన్నదిగా ఉన్న రోజునే ఇంటి ఆతిథ్యానికి ఒప్పుకోండి. వెళ్లేటప్పుడు డబ్బు ఇవ్వబోతే నొచ్చుకుంటారు. పిల్లలకు పళ్లు కొనిపెట్టండి.

నా లెక్కలో వరస ఇది: మామూలు రాత్రులకు పెళ్లి లేని సత్రం, సగం దారిలో లాడ్జి, పొట్టి మజిలీ నాడు తెలిసినవారి ఇల్లు, కుటుంబంతో ఉంటే ముందుగా ఖాయం చేసుకున్న దేవస్థానం గది. మండపం అన్నిటికంటే చివర.

అంతర్వేదికి మాత్రం ఈ వరస పనికిరాదు. దశమి రాత్రి లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, ఏకాదశి నాడు రథోత్సవం. ఆ రెండు రోజులూ జనం ఇసుకలో, చెట్ల కింద, లారీల నీడన పడుకుంటారు. నడిచి వచ్చామని ఎవరూ గది తీసిపెట్టరు. సముద్రం పక్క ఊరు గనుక బోరునీళ్లు ఉప్పన, సబ్బు నురగ కూడా రాదు, తాగే నీళ్లు కొనుక్కోవలసిందే. నవమి రాత్రి మలికిపురంలోనో సఖినేటిపల్లిలోనో ఆగి కడుపునిండా నిద్రపోండి. దశమి మధ్యాహ్నం దాకా అక్కడే ఉండి, బరువు సంచి బస ఇచ్చినవారి దగ్గరే వదిలి, ఎండ తగ్గాక చేతిసంచితో నడవండి. కల్యాణం చూసేవారికి ఆ రాత్రి పక్క అక్కరలేదు. ఏకాదశి స్నానం, రథం అయ్యాక సఖినేటిపల్లి రేవుకు వచ్చి పంటి (జనాన్నీ బళ్లనూ దాటించే పెద్ద పడవ) మీద వశిష్ఠ పాయ దాటితే నర్సాపురం, అక్కడ లాడ్జిలూ ఉన్నాయి, రైలూ ఉంది. చివరి పంటి ఎన్నింటికో వెళ్లేటప్పుడే రేవులో అడిగి పెట్టుకోండి.