ప్రమాణ స్వీకార సభకు ఈ హాలు తగినదేనా?

గత నెలలో ఒక శనివారం సాయంత్రం, మినియాపొలిస్ శివారులోని బ్రూక్లిన్ పార్క్‌లో, పశ్చిమాఫ్రికా దేశం లైబీరియాకు చెందిన ఒక లూథరన్ మిషన్ పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం తన కొత్త కార్యవర్గం చేత పదవీ ప్రమాణం చేయించింది. ఆసుపత్రి ల్యాబులో నాతోపాటు చాలా ఏళ్లుగా పనిచేస్తున్న మిత్రుడు కోశాధికారిగా ఎన్నిక కావడంతో మా దంపతులకు కూడా పిలుపు వచ్చింది. ఆ సభకు అద్దెకిచ్చిన హాలు గురించి, వేరుగా మాట్లాడుకున్న కేటరింగ్ గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. హాలు వారికి, సంఘానికి మధ్య అడ్వాన్సు లెక్క ఇంకా తేలలేదు గనుక హాలు పేరు రాయడం లేదు. అయితే ఉగాదికీ సంక్రాంతికీ మన సంఘాలు వెతుక్కునేవి కూడా ఇలాంటి హాళ్లే.

నేను చదివింది లూథరన్ మిషన్ వారు పెట్టిన గుంటూరు ఏసీ (ఆంధ్ర క్రిస్టియన్) కాలేజీలో. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరులో ప్రారంభించిన మిషన్‌ను తర్వాతి కాలంలో నడిపిన అమెరికా లూథరన్ చర్చిల సమాఖ్య జనరల్ సినడే, 1860లో లైబీరియాలోని సెయింట్ పాల్ నది తీరంలో మ్యూలెన్‌బర్గ్ మిషన్‌ను కూడా స్థాపించిందని నా మిత్రుడి ద్వారానే తెలిసింది. ఆ లెక్కన మేమిద్దరం దాయాదులమని అతను అందరికీ పరిచయం చేస్తుంటే కాదనలేకపోయాను.

హాలులో మెచ్చుకోదగినవి లేకపోలేదు. పార్కింగుకు ఇబ్బంది లేదు, వీల్‌చైర్‌లో వచ్చిన పెద్దలు వేదిక మీదికి వెళ్లడానికి వాలుదారి ఉంది, మరుగుదొడ్లు చివరి వరకూ శుభ్రంగానే ఉన్నాయి. చిక్కంతా వేళల దగ్గర వచ్చింది. అద్దె ఒప్పందంలోని ఐదు గంటల్లోనే అలంకరణ, భోజనాలు, చివరన ఊడ్చి అప్పగించడం అన్నీ కలిసి ఉన్నాయని కార్యవర్గంలో ఒక్కరూ గమనించలేదు. పైగా ఐదింటికని పిలిచిన సభ ఆరున్నర దాటాక గానీ మొదలు కాలేదు. ఈ విషయంలో హాలు వారిని తప్పుపట్టలేను; మన సభల సంగతి తెలిసిన వాడిని గనుక సంఘాన్ని నిందించే అర్హత కూడా నాకు లేదు.

అయితే ఆ తర్వాత జరిగినదానికి మాత్రం సాకు లేదు. ప్రార్థన, రెండు దేశాల జాతీయగీతాలు పూర్తయ్యాక, లైబీరియా అంతర్యుద్ధంలో పోయిన సహాధ్యాయుల కోసం అందరూ లేచి మౌనం పాటించారు. 1990 జులై 29న రాజధాని మన్రోవియాలోని సెయింట్ పీటర్స్ లూథరన్ చర్చిలో తలదాచుకున్న సుమారు 600 మందిని సైనికులు చంపేశారు. ఆ తేదీని చదివినప్పుడు నా ముందు వరుసలోని పెద్దావిడ కుర్చీ వీపును రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. సరిగ్గా ఆ క్షణంలో హాలు సిబ్బంది ఇద్దరు ప్లేట్ల బండిని గడగడలాడించుకుంటూ వేదిక ముందు నుంచి తోసుకుపోయారు. కార్యక్రమ పత్రం ప్రతి బల్ల మీదా ఉంది. ఒక్కసారి చూసుకుని ఉంటే ఆ నిమిషం ఆగేవారు.

అధ్యక్షురాలు బైబిలు మీద చేయి వేసి ప్రమాణం మొదలుపెట్టిన రెండో వాక్యానికే మైకు ఆగిపోయింది. మైకు మనిషి బయట ఎక్కడో ఉన్నాడు. పాస్టరు గారు తడబడకుండా గొంతు పెంచారు, వెనక బల్లల వాళ్లు లేచి వేదిక చుట్టూ చేరారు, మిగిలిన ప్రమాణమంతా అలాగే జరిగింది. పాత అధ్యక్షుడు చెక్క సుత్తిని, సంఘం నియమావళిని అప్పగించారు. నా మిత్రుడు మాత్రం ఖాతా పుస్తకం తీసుకుని, వేదిక మీదే చెక్కుబుక్కులో మిగిలిన కాగితాలు లెక్కపెట్టి మరీ సంతకం చేశాడు. అందరూ నవ్వినా అతను నవ్వలేదు. పాఠశాల గీతం రెండో చరణంలో ఉండగానే, సమయం అయిందని గుర్తుచేయడానికి కాబోలు, మేనేజరు హాలులోని లైట్లన్నీ ఒక్కసారిగా వేయించాడు.

ఇక భోజనం. వండి తెచ్చినది ఒక లైబీరియన్ గృహిణి, ఇంటి పేరు మీద నడిచే చిన్న కేటరింగ్. సభ మొదట్లో అతిథులకు కోలా గింజలూ మిరపకారమూ పళ్లెంలో పట్టి తిప్పారు. తాంబూలం ఇచ్చి ఆహ్వానించినట్టే అనుకుని గింజ కొరికిన నేను ఆ చేదుకు కొంతసేపు మాట పడిపోయి కూర్చున్నాను. ప్రధాన వంటకం కర్రపెండలం ఆకు కూర. గోదావరి జిల్లాల్లో సగ్గుబియ్యం కోసం దుంప పండించడం చూశాను గానీ, ఆకు వండటం నేనెరుగను. ఆకును మెత్తగా దంచి, శుద్ధి చేయని ఎర్రటి పామాయిల్‌లో, కోడిమాంసం, పొగబెట్టిన చేప వేసి చాలాసేపు ఉడికిస్తారు. ఆకులోని విషగుణం పోవాలంటే అంతసేపు ఉడకాల్సిందేనని ఆమె చెప్పింది. గోంగూర పులుపు ఆశించి నోట్లో పెట్టుకుంటే నిరాశే, కానీ రెండో ముద్దకు దాని కమ్మదనం తెలుస్తుంది. కారం విషయంలో గుంటూరు వాడిని నేను మంచినీళ్ల కోసం లేచాను. వేడన్నం మాత్రం కొసరి కొసరి వడ్డించారు. అన్నం తినకపోతే ఆ పూట భోజనం చేయనట్టేనట వాళ్లకు కూడా.

శాకాహారులకు ఒక హెచ్చరిక: కూరలన్నిటిలోనూ మాంసమో చేపో ఉన్నాయి, టమాటాతో వండే జాలోఫ్ అన్నం కూడా మాంసంతోనే వండారు. నా భార్య అరటిపండు కలిపిన బియ్యప్పిండి రొట్టెతోనూ అల్లం పానీయంతోనూ సరిపెట్టుకుంది. ఆ రొట్టె దిబ్బరొట్టె మందాన, తీపిగా, అంచులు కరకరలాడుతూ ఉంది. రెండు ముక్కలు ఇంటికి కూడా కట్టించుకుంది. ముందుగా చెబితే ఆకుకూర మాంసం లేకుండా విడిగా వండుతానని కేటరింగ్ ఆవిడ అంది.

కేటరింగ్‌కు ఐదు చుక్కలు, హాలుకు రెండు. పుట్టినరోజు విందుకైతే ఆ హాలుకు మూడో చుక్క కూడా ఇచ్చేవాడిని. ప్రమాణ స్వీకారానికి తీసుకునేవారు మాత్రం అలంకరణ వేళను అద్దె వేళ నుంచి విడదీసి రాయించుకోండి, మైకు మనిషి సభ ముగిసేదాకా లోపలే ఉండాలని ఒప్పందంలో చేర్పించండి. నా మిత్రుడు కోశాధికారిగా రాసిన మొదటి ఉత్తరం, అడ్వాన్సు తిరిగి ఇమ్మని హాలు వారికి రాసినదే.