6 ఏళ్లు, 11 వేల కిలోమీటర్లు: పాత యెజ్డి రోడ్‌కింగ్‌తో నా అనుభవం

పరకాల దగ్గర ఒక పల్లెలో, పశువుల కొట్టంలో ఈ బండిని మొదటిసారి చూసినప్పుడు దాని సీటు మీద కోడి పొదుగుతోంది. 1986 నాటి యెజ్డి రోడ్‌కింగ్ మోటార్‌సైకిల్. "కోడి లేచేదాకా ఆగాలి బాబూ" అన్నాడు ఇంటి పెద్దాయన. ఆగాను. 28 వేలకు బేరం కుదిరింది. బయటికి తోద్దామంటే వెనుక చక్రం కదలదు. బ్రేక్ షూలు తుప్పుతో డ్రమ్ముకు అతుక్కుపోయాయి. ట్రాలీలో వేసుకుని హనుమకొండ తెచ్చాను.

అడవి దారులకు పనికొచ్చే పాత బండి కావాలనుకున్నప్పుడు రోడ్‌కింగ్ వైపే మనసు పోయింది. మైసూరులోని ఐడియల్ జావా 1978లో మొదలుపెట్టి, 1996లో ఫ్యాక్టరీ మూతపడే దాకా చేసిన మోడల్ ఇది. చెక్ దేశపు సీజెడ్ కంపెనీ మోటోక్రాస్ (మట్టిదారి పందేల) బండ్ల పోలిక దీనిలో కనిపిస్తుంది. 250 సీసీ టూ స్ట్రోక్, 16 హార్స్‌పవర్. ఇప్పటి లెక్కలో 16 పెద్ద గొప్పేమీ కాదు. కానీ ఇంజిన్ గొంతు పెంచకుండానే రెండో గేరులో గట్టు ఎక్కుతుంది. నాకు కావలసింది అదే.

బండి కన్నా ముందు కాగితాలు చూడాలని అందరూ చెబుతారు. నేను చూశాను కానీ పేరు సరిగ్గా చదవలేదు. ఆర్‌సీ మీద ఉన్నది పెద్దాయన పేరు కాదు, చనిపోయిన ఆయన అన్నగారిది. ముందు ఫారం 31తో బండి వారసుడి పేరుకు మారాలి, ఆ తరువాతే 29, 30 ఫారాలతో నా పేరుకు. వారసుల సంతకాల కోసం నాలుగు ఊళ్లు తిరిగాను. ఏడు నెలలు పట్టింది. ఇంత పాత బండిని వింటేజ్ కింద నమోదు చేసుకోవచ్చు కదా అని కొందరు సలహా ఇచ్చారు. 2021లో వచ్చిన నిబంధన ప్రకారం దానికి 50 ఏళ్లు నిండాలి, అంటే 2036 దాకా ఆగాలి. పైగా ఆ నమోదు ఉన్న బండిని రోజువారీగా రోడ్డు మీద నడపకూడదు. అడవికి పోదామని కొన్నవాడికి ఆ గౌరవం ఎందుకు?

ఇక నా మొదటి తప్పు: రంగు. ఇంజిన్ విప్పకముందే టాంకుకూ ఫ్రేముకూ రంగు, రిమ్ములకు క్రోమ్ వేయించి 11 వేలు పోశాను. తరువాత ఇంజిన్‌ను మూడుసార్లు కిందికి దించాల్సి వచ్చింది. ప్రతిసారీ ఫ్రేము మీద ఒక గీత. మూడో గీతకు బాధపడటం మానేశాను.

మూడుసార్లు ఎందుకంటే, లేత్ షాపు వాళ్లు సిలిండర్ బోరింగ్ చేసి (అరిగిన లోపలి గోడను చెక్కి) పిస్టన్‌కు కావలసినంత సందు వదల్లేదు. నర్సంపేట రోడ్డు మీద 60లో పోతుండగా ఇంజిన్ ఒక్కసారిగా పట్టేసింది. వెనుక చక్రం బిగుసుకుని రోడ్డు మీద నల్లటి గీత పడింది. చేయి దానంతట అదే క్లచ్ నొక్కింది కాబట్టి ఇది రాస్తున్నాను. విప్పి చూస్తే పిస్టన్ పక్కన గోళ్లతో రక్కినట్టు చారలు. మరోచోట తరువాతి సైజు పిస్టన్ వేయించాను.

ఇంజిన్ పట్టేయడం ఆగింది కానీ సైలెన్సర్‌లోంచి తెల్లటి పొగ ఆగలేదు. మట్టెవాడలో పాత జావాలు చూసే ఒక పెద్ద మెకానిక్ ఉన్నాడు. ఆయనను అందరూ ఉస్తాద్ అంటారు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, గేర్ బాక్సులో పుల్ల ముంచి చూశాడు. "ఆయిలు తగ్గింది. కింద ఒక్క చుక్క లేదు. మరి ఎక్కడికి పోతోంది బాబూ?" అని అడిగాడు. ఆ ప్రశ్నలోనే జవాబుంది. టూ స్ట్రోక్‌లో పెట్రోలు, గాలి కలిసి ముందు క్రాంక్ (పిస్టన్‌తో తిరిగే ఇరుసు) ఉండే గదిలోకి వస్తాయి. ఏళ్ల తరబడి కదలని బండిలో ఆ గది సీళ్లు ఎండి గట్టిపడతాయి. క్లచ్ వైపు సీలు పోతే గేర్ బాక్సు ఆయిలు లోపలికి పోయి పొగవుతుంది. రెండో వైపుది పోతే బయటి గాలి చొరబడి, మిశ్రమం పలచబడి, ఇంజిన్ వేడెక్కుతుంది. సీళ్ల ఖర్చు నేను క్రోమ్‌కు పెట్టినదానిలో పదో వంతు కూడా కాదు. మొత్తం మరమ్మతు 74 వేలు దాటింది. అదే రోజు ఉస్తాద్ ఎడమ సైలెన్సర్‌లోంచి పిడికెడంత మట్టిగడ్డ తీశాడు. కందిరీగలు కట్టుకున్న గూడు.

గతుకుల దారిలో ఎలా ఉంటుంది? ఎర్రమట్టి బాటలో, గులకరాళ్ల మీద హాయిగా పోతుంది. గేరు మారిస్తే క్లచ్ దానంతట అదే విడుస్తుంది కాబట్టి బురదలో ఎడమ చేయి హ్యాండిల్‌ను గట్టిగా పట్టుకోగలదు. నల్లరేగడి మాత్రం వేరే కథ. ములుగు వైపు పత్తి చేల మధ్య, వాన వెలిసిన గంటకు బయలుదేరాను. రెండు వందల గజాలు పోయేసరికి ముందు మడ్‌గార్డ్‌కూ టైరుకూ మధ్య మట్టి అట్టలు కట్టి చక్రం ఆగిపోయింది. వేపపుల్ల విరిచి గీకడం, పది బారలు పోవడం, మళ్లీ గీకడం. మర్నాడే మడ్‌గార్డ్‌ను రెండంగుళాలు పైకి లేపించి మట్టిని పట్టే బటన్ టైర్లు వేయించాను.

జంపన్న వాగులో నీరు పిక్కల దాకా ఉన్న రోజు దాటబోతే మధ్యలో ఆగిపోయింది. దీనికి గేర్ రాడ్డే కిక్ రాడ్డు. లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్ అవుతుంది. నీళ్లలో నిలబడి, జారే కాలితో దాన్ని తిప్పడం ఒక విద్య. ఒడ్డుకు తోసి ప్లగ్గు విప్పి కిక్ కొడితే సిలిండర్‌లోంచి నీళ్లు చిమ్మాయి. ప్లగ్గు తుడిచి బిగించాక నాలుగో కిక్కుకు అందుకుంది. తడిసిన డ్రమ్ము బ్రేకులు మాత్రం మరో కిలోమీటరు దాకా పనిచేయలేదు. పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల్లో నేను దారి దిగను. అనుమతి లేకుండా దిగడం నేరం, పైగా దీని చప్పుడు కోసుదూరం వినిపిస్తుంది.

లోపాలు దాచను. లీటరుకు 26 కిలోమీటర్లు ఇస్తుంది. హెడ్‌లైటు వెలుగులో గుంత కనిపించేది అందులో పడ్డాకే. జంట సైలెన్సర్లు కిందికి ఉండి రాళ్లకు తగులుతాయి. ఇప్పుడొచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోలు పాత రబ్బరును తినేస్తోంది. పెట్రోలు పైపు రెండుసార్లు మార్చాను. రెండు వారాలు నడపనని తెలిస్తే కార్బురేటర్ ఖాళీ చేసి పెడతాను. పెట్రోలులో 2టీ ఆయిలు (టూ స్ట్రోక్ ఇంజిన్ ఆయిలు) లీటరుకు 40 మి.లీ. చొప్పున కలుపుతాను, తగ్గించమని ఎంతమంది చెప్పినా వినను.

రోజూ ఆఫీసుకు పోవడానికైతే కొనవద్దు. ఆదివారం చేతికి గ్రీజు అంటితే సంతోషపడే మనిషికి కొనమని నేను ధైర్యంగా చెబుతాను.

పోయిన నెల కాజీపేట దగ్గర ఒకాయన ఆపి లక్షన్నర ఇస్తానన్నాడు. అమ్మనన్నాను. ఫ్రేము మీది గీతలు నిమిరి, "మరి రంగు ఎప్పుడు వేయిస్తారు?" అని అడిగాడు. ముందు ఫోర్కు సీళ్లు మార్చాలి.