శిల్పాలు చూద్దామని వరంగల్లుకు వెళ్తే

హన్మకొండలో మేము దిగిన లాడ్జి సంగతి ముందే చెప్పేస్తాను. అది కడుపులో పెట్టుకుని మిగతాది రాయలేను.

ఫోన్‌లో బుక్ చేసినప్పుడు ముగ్గురికి ఏసీ గది 1,850 రూపాయలని చూపించింది. తీరా రాత్రి ఎనిమిదింటికి సామాన్లతో కౌంటర్ ముందు నిలబడితే "మూడో మనిషికి 600 ఎక్స్‌ట్రా" అన్నాడు అక్కడి అబ్బాయి. బుకింగ్ చూపించాను. "అది యాప్ వాళ్లది మేడం, మాకు తెల్వదు" అని మళ్లీ తన ఫోన్‌లో తలపెట్టాడు. మా ఆయన ముఖం కందగడ్డలా అయింది. ఆ వేళప్పుడు ఇంకెక్కడికి పోతాం? కట్టాం. పొద్దున గీజర్ వెలగలేదు. కిందికి ఫోన్ చేస్తే వేడినీళ్లు బకెట్‌కు 40 రూపాయలట, మూడు బకెట్లకు 120. దిండు గలీబుకు కొబ్బరినూనె మరక. మార్చమంటే "నిన్ననే మార్చినం" అన్నారు. మొత్తం 2,570 వదిలింది. వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ఎంతమందికి ఎంతో రాసిన రసీదు చేతికి వచ్చాకే డబ్బు కట్టండి, సామాను పైకి పంపే ముందు బాత్రూంలో కుళాయి తిప్పి చూడండి. రెండో రోజుకు నక్కలగుట్ట వైపు 1,600కే గది దొరికింది. నీళ్లు వేడిగా వచ్చాయి, దుప్పట్లు తెల్లగా ఉన్నాయి, అంతకన్నా ఏం కావాలి.

కరీంనగర్ నుంచి హుజూరాబాద్ మీదుగా ఎక్స్‌ప్రెస్ బస్సులో హాయిగా వచ్చాం. నాకూ అమ్మాయికీ జీరో టికెట్, మా ఆయనకు మాత్రమే డబ్బులు.

వరంగల్ కోటకు మనిషికి 25 రూపాయల టికెట్. అది ఎక్కువేమీ కాదు. నాలుగు కీర్తి తోరణాల మధ్య స్వయంభూ శివాలయం శిథిలాలు నేలంతా పరుచుకుని ఉన్నాయి. ఒక స్తంభం ముక్క మీద హంసల వరుస ఉంది. ఒక్కో హంస మెడ ఒక్కో వంపు, రెక్క మీద ఈకలు వేరువేరుగా కనిపిస్తున్నాయి. ఆ ముక్క గుడిలో ఏ మూల ఉండేదో, ఎవరు చెక్కి ఉంటారో అడుగుదామంటే చెప్పే మనిషి దొరకలేదు. చుట్టూ చూస్తే అందరూ తోరణం కింద నిలబడి ఫోటో దిగి వెళ్లిపోతున్నారు. మా ఆయన కూడా "అయిపోయిందా, పోదామా" అన్నారు. నాకు ప్రాణం ఉసూరుమంది.

అప్పుడు మా అమ్మాయి అడిగింది, "అమ్మా, టోక్యోలో నీలం గొట్టాలు గుర్తున్నాయా?" అని.

ఎందుకు గుర్తుండవు! తను ఉద్యోగం మీద అక్కడున్నప్పుడు, 2019 మార్చిలో మేమిద్దరం వెళ్లాం. ఒమొతెసాండో అనే వీధిలో లూయీ విటాన్ దుకాణం ఉంది. ఒక్కో హ్యాండ్‌బ్యాగ్ లక్షల్లో ఉండే చోటు. కాటన్ చీర మీద స్వెటర్ వేసుకుని దాంట్లోకి పోవాలంటే నాకు ఒకటే టెన్షన్. ఏడో అంతస్తులో వాళ్లదే ఎస్పాస్ లూయీ విటాన్ అనే ప్రదర్శనశాల ఉంది, ప్రవేశం ఉచితం. అప్పుడు అక్కడ వెనిజులా శిల్పి హెసూస్ రఫాయెల్ సోతో చేసిన శిల్పం పెట్టారు. పైనుంచి కిందిదాకా వేలాడే సన్నని నీలం ప్లాస్టిక్ గొట్టాలు, అంతే. చుట్టూ తిరిగి చూసి వచ్చేది కాదది, లోపలికి నడవాలి. నడిచాను. ఎదిగిన జొన్నచేనులో అడ్డంపడి పోతున్నట్టే ఉంది. గొట్టాలు బుగ్గలకు చల్లగా తగులుతుంటే, రెండడుగుల అవతలున్న నా బిడ్డ నీలంగా కరిగిపోయి కనిపించింది. బయటికి వచ్చి మళ్లీ వెళ్లాను. ఏం కొంటారని ఎవరూ అడగలేదు. అక్కడున్న అమ్మాయి నా చేతికి కాగితం ఇచ్చి, తల వంచి పంపింది.

ఆ కంపెనీ ఫౌండేషన్‌కు ప్యారిస్‌లో ఫ్రాంక్ గెహ్రీ అనే ఆర్కిటెక్ట్ గీసిన పెద్ద మ్యూజియం ఉంది. 2014లో తెరిచారు, దానికి టికెట్ కొనాలి. ఆ సేకరణలోని కళాఖండాలనే టోక్యో, ఒసాకా, సియోల్, వెనిస్ లాంటి ఊళ్లలో ఉచితంగా చూపిస్తారు. ఇంగ్లండ్ బట్టల కంపెనీ బర్బెరీ వాళ్లు 2017లో లండన్‌లో అక్కడి శిల్పి హెన్రీ మూర్ శిల్పాలను తమ బట్టల పక్కనే పెట్టి, ఎవరైనా వచ్చి చూడవచ్చన్నారు. పేరు కోసమే చేస్తారు, తెలుసు. చేయనివ్వండి. దాని వల్లే కదా జీతం మీద బతికిన నాలాంటి టీచరు ఆ గొట్టాల మధ్య నడిచింది.

వేయి స్తంభాల గుడి సాయంత్రం చూశాం. 2006లో విప్పిన కల్యాణ మండపం మళ్లీ లేచి నిలబడింది, కడుపు నిండింది.

మర్నాడు రామప్పకు కారు మాట్లాడుకున్నాం. పోనురాను 3,800, డ్రైవర్ బేటాతో కలిపి. ఇక్కడ గైడ్‌కు 500 ఇచ్చాం. ఆ 500 ఈ ట్రిప్‌లో మేము పెట్టిన అన్నిటికన్నా మంచి ఖర్చు. రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, ఇంతవరకు మాకూ తెలుసు. ఆయన మమ్మల్ని చూరు కింద నిలబెట్టి, మెడ ఎత్తించి, నల్లరాతి మదనికలను, అంటే అక్కడి ఆడవాళ్ల శిల్పాలను, ఒక్కొక్కరినే పరిచయం చేశాడు. ఒకామె కాలికి మడమ ఎత్తున్న చెప్పులున్నాయి. ఇంకొకామె కాలిలో ముల్లు తీయించుకుంటోంది. మెడలో హారం రాతికి అతుక్కోకుండా కొంచెం ఎడంగా వేలాడుతోంది. పదింటి ఎండకు ఆ హారం నీడ ఆమె గుండెల మీద పడింది. ఎండ జరుగుతుంటే నీడా జరిగింది. నిన్న "పోదామా" అన్న మనిషే అక్కడ గంటన్నర నిలబడ్డారు.

తిరుగు దారిలో ములుగు దాటాక, ఒక ఇంటి ముందు షెడ్డు వేసి వండిపెడుతుంటే ఆగాం. జొన్నరొట్టె, నాటుకోడి కూర, పచ్చిపులుసు, ప్లేటు 180. ఆ పచ్చిపులుసులో కాల్చిన ఎండుమిరప వాసన ఇంకా ముక్కులోనే ఉంది. మా అమ్మాయి మూడు రొట్టెలు తింది. రెండు ముక్కల సర్వపిండి కట్టి ఇచ్చి డబ్బులు వద్దంది ఆ అక్క.

మళ్లీ ఊళ్లోకి వచ్చేసరికి దీపాలు పెట్టేశారు. చౌరస్తాలో మేడంత హోర్డింగ్, హీరోయిన్ మెడ నిండా బంగారం. ఇలాంటివి నాలుగు లెక్కపెట్టాను. మన నగల దుకాణాలకూ పట్టుచీరల షోరూంలకూ డబ్బు లేదంటే నేను నమ్మను. గుడి శిల్పాల మీది నగలు చూసి డిజైన్లు చేసుకుని 'టెంపుల్ జువెలరీ' అని అమ్ముతున్నారు కదా. ఏడాదికి ఒక నెల, భద్రకాళి చెరువు దగ్గర ఒక హాలు అద్దెకు తీసుకుని, ఈ రోజుల్లో శిల్పాలు చేస్తున్న మన పిల్లల పనిని ఉచితంగా చూపిస్తే ఏం పోయింది? పక్కన వివరం చెప్పే ఇద్దరికి జీతం ఇవ్వాలి. స్కూలు పిల్లలు బస్సుల్లో వస్తారు. ఆ దుకాణాల వాళ్లు తమ పేరు గుమ్మం మీద ఎంత పెద్దగా రాసుకున్నా నాకేం అభ్యంతరం లేదు.

మూడో రోజు జనగామ దగ్గరి పెంబర్తి వెళ్లాం. కాకతీయుల కాలం నుంచీ ఇత్తడి పని చేస్తున్న ఊరు. ఒక ఇంటి అరుగు మీద యాభై దాటిన ఒకాయన, లక్క పోసిన పలక మీద ఇత్తడి రేకు అతికించి, ఉలితో తోరణం కొడుతున్నాడు. చూడవచ్చా అని అడిగితే పీట జరిపాడు. సుత్తి దెబ్బ గట్టిగా పడదు, టకటకమని వాన మొదలైనట్టు పడుతుంది, చూస్తుండగానే రేకు లోంచి హంస ముక్కు పైకి లేచింది. కోటలో చూసిన హంసే! గంటసేపు కూర్చున్నాం. "కొనేటోళ్లు వస్తరమ్మా, చూసేటోళ్లు ఎవరొస్తరు" అన్నాడు. మా అమ్మాయి చేతికి సుత్తి ఇచ్చి, అంచు మీద ఒక దెబ్బ వేయమన్నాడు. వంకరగా పడింది. సరిచేయబోతే, "వద్దు బాబాయ్, అట్లనే ఉండనీ" అంది. ఆ ఇత్తడి రేకు 2,400కు తీసుకున్నాం. సొట్ట పడ్డదానికి 200 తగ్గిస్తానంటే మా ఆయనే ఒప్పుకోలేదు.